వేరే ఊళ్లో ఉన్న సర్వర్ టేబుళ్లను ట్రిగ్గర్‌తో అప్‌డేట్ చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని రాయగడలో ఉంటూ చుట్టుపక్కల ఊళ్ల దుకాణాలకు బిల్లింగ్, స్టాకు సాఫ్ట్‌వేర్ చూసుకోవడం నా పని. ఇక్కడి వ్యాపారాల తీరు చాలావరకు ఒకటే. రాయగడలో హెడ్డాఫీసు, గుణుపురంలో ఒక బ్రాంచి, పర్లాకిమిడిలో ఇంకొకటి, బిస్సంకటక్‌లోనో మునిగుడలోనో ఒక గోడౌన్. ఒక చోట కొట్టిన బిల్లు ఇంకో చోట కనబడాలి. కంప్యూటర్ చదువుకుని ఊళ్లోనే ఉండి ఇంటి వ్యాపారం చూసుకుంటున్న పిల్లలు ఫోన్ చేసి అడిగే సందేహాలు తిరిగి తిరిగి ఇవే వస్తున్నాయి. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ ప్రశ్న అవసరమైతే దానికే నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. నేను రోజూ చూసేది మైక్రోసాఫ్ట్ వాళ్ల డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ కాబట్టి ఎక్కువ మాటలు దాని గురించే ఉంటాయి. ట్రిగ్గర్ అంటే టేబుల్‌లో వరుస పడినా, మారినా, పోయినా డేటాబేస్ తనంతట తాను నడిపే చిన్న కోడ్.

## మొదలుపెట్టే ముందు

అన్నా, బ్రాంచిలో బిల్లు సేవ్ కాగానే హెడ్డాఫీసు స్టాకు తగ్గాలి. ట్రిగ్గర్‌తో అవుతుందా?

అవుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో హెడ్డాఫీసు సర్వర్‌ని లింక్డ్ సర్వర్‌గా (ఇక్కడి నుంచే అందుకోగల వేరే సర్వర్‌గా) కలుపుకుని, సర్వర్ పేరు, డేటాబేస్ పేరు, స్కీమా, టేబుల్ పేరు ఈ నాలుగూ చుక్కలతో కలిపి రాస్తే ట్రిగ్గర్ లోపలి నుంచే అక్కడి టేబుల్‌కి రాయవచ్చు. కానీ ఒక సంగతి ముందే తెలియాలి. ట్రిగ్గర్ వేరుగా నడిచేది కాదు. బిల్లు ఇన్సర్ట్ అయ్యే ట్రాన్సాక్షన్‌లోనే (అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు అనే పనుల కట్టలోనే) అదీ ఒక భాగం. ట్రిగ్గర్ పూర్తయ్యేదాకా బిల్లు సేవ్ కాదు, ట్రిగ్గర్ ఫెయిలైతే బిల్లు కూడా వెనక్కి పోతుంది.

నేరుగా రిమోట్ టేబుల్‌కి రాస్తే నష్టమేంటి? టెస్ట్ చేసినప్పుడు బాగానే పనిచేసింది.

టెస్ట్ చేసేటప్పుడు రెండు సర్వర్లూ ఒకే గదిలో, ఒకే స్విచ్‌కి కలిపి ఉంటాయి. అసలు పరీక్ష లైన్ పోయినప్పుడే.

గుణుపురంలో ఒక ఎరువుల దుకాణంలో నేను ఇలాంటి ట్రిగ్గరే పెట్టాను. రెండు నెలలు ఏ ఇబ్బందీ రాలేదు. జులైలో నాట్లు పడుతున్న రోజుల్లో ఒక పొద్దున్న రాయగడ వైపు నెట్ పోయింది. నేను అక్కడే ఉన్నాను. కౌంటర్ మీద కుర్రాడు సేవ్ నొక్కాడు, తెర మీద చక్రం తిరుగుతూ ఉంది. ముందు బిల్లు తాలూకు కాగితం ప్రింటర్ నోట్లో సగం చింపి వేలాడుతోంది. యూరియా బస్తా పక్కన పెట్టుకుని ఒక పెద్దాయన, ఆయన వెనక గుమ్మం బయటి దాకా లైను. చాలాసేపటికి ఎర్రర్ వచ్చి, టైపు చేసిన బిల్లు మొత్తం పోయింది. మళ్లీ కొడితే మళ్లీ అదే. ఆ రోజంతా కార్బన్ పెట్టిన చీటీల పుస్తకం మీద బిల్లులు రాశారు, రాత్రి కూర్చుని అవన్నీ ఎక్కించారు.

దుకాణంలో కరెంటు ఉంది, కంప్యూటర్ ఉంది, సరుకు ఉంది, కొనేవాళ్లూ ఉన్నారు. వేరే ఊళ్లో లైన్ లేనందుకు ఇక్కడ అమ్మకం ఆగింది. ఆ ట్రిగ్గర్ రాసింది నేనే. అప్పటి నుంచి కౌంటర్ బిల్లుకీ ఊరవతలి సర్వర్‌కీ నేను ముడి పెట్టడం లేదు.

మరి ఎలా చేయాలి?

ట్రిగ్గర్ చేత లోకల్ డేటాబేస్‌లోనే ఒక క్యూ టేబుల్‌కి రాయించండి. "ఫలానా బిల్లు, ఫలానా సరుకు, ఇంత పరిమాణం, ఇంకా పంపలేదు" అని ఒక వరుస. అంతే, ట్రిగ్గర్ పని అక్కడితో ముగిసింది. దానికి నెట్ అక్కర్లేదు, కంటికి తెలిసేంత ఆలస్యమూ ఉండదు. ఆ వరుసల్ని హెడ్డాఫీసుకి మోసుకెళ్లే పని ఇంకో చిన్న ప్రోగ్రాం నిమిషానికోసారి లేచి చేస్తుంది. లైన్ ఉంటే పంపుతుంది, లేకపోతే ఊరుకుని మళ్లీ లేచినప్పుడు ప్రయత్నిస్తుంది.

బిల్లూ, క్యూ వరుసా ఒకే లోకల్ ట్రాన్సాక్షన్‌లో పడతాయి కాబట్టి బిల్లు ఉండి వరుస లేకపోవడం, వరుస ఉండి బిల్లు లేకపోవడం జరగదు. పోస్టాఫీసుకి మనం పరుగెత్తకుండా వీధి చివర డబ్బాలో ఉత్తరం వేసి వచ్చినట్టు.

మా షావుకారు ఒప్పుకోవడం లేదు. "అదే క్షణంలో కనబడాలి" అంటున్నారు.

ఆ క్షణం ఎందుకు కావాలో ఒకసారి కూర్చుని అడగండి. రాత్రి లెక్క చూసుకోవడానికైతే నిమిషం ఆలస్యం లెక్కలోకే రాదు. ఒకే గోడౌన్‌లో ఉన్న సరుకును రెండు బ్రాంచీలు ఒకేసారి అమ్మేస్తున్నాయంటే మాత్రం అది నిజమైన ఇబ్బందే. కానీ దానికి మందు ట్రిగ్గర్ కాదు. బిల్లు మొదలుపెట్టే ముందే బిల్లింగ్ ప్రోగ్రాం హెడ్డాఫీసుని అడిగి సరుకు పక్కన పెట్టించుకోవాలి. లైన్ లేకపోతే "ఇప్పుడు ఖాయం చేయలేం" అని కౌంటర్ మనిషికి తెర మీద కనబడాలి. మనిషికి చెప్పాల్సిన మాటని ట్రిగ్గర్ చెప్పలేదు.

మాది మైఎస్‌క్యూఎల్. లింక్డ్ సర్వర్ లేదు కదా, ఏం చేయాలి?

మైఎస్‌క్యూఎల్‌లో ఫెడరేటెడ్ అనే ఇంజిన్ ఉంది. లోకల్‌గా కనబడే టేబుల్ వెనక డేటా మాత్రం వేరే సర్వర్‌లో ఉంటుంది. మామూలుగా అది ఆపేసి ఉంటుంది, సర్వర్ స్టార్టయ్యేటప్పుడు ఆన్ చేసుకోవాలి. అన్నిటికన్నా పెద్ద లోటు ఏమిటంటే దానికి ట్రాన్సాక్షన్లు లేవు. లోకల్‌లో బిల్లు రోల్‌బ్యాక్ అయినా (వెనక్కి పోయినా) అవతల రాసింది అలాగే ఉండిపోతుంది. ఆ మాట ఒక్కటి చాలు, లెక్కల డేటాకి నేను దాన్ని వాడను. క్యూ టేబుల్ పద్ధతి మైఎస్‌క్యూఎల్‌లో చక్కగా నడుస్తుంది. ఒకటి గుర్తుంచుకోండి: ఫారిన్ కీ క్యాస్కేడ్ (అసలు వరుస తీసేస్తే దానికి కట్టి ఉన్న వరుసలూ పోయే ఏర్పాటు) వల్ల చైల్డ్ టేబుల్‌లో డిలీట్ అయిన వరుసలకి మైఎస్‌క్యూఎల్ ట్రిగ్గర్ నడవదు.

పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్ సంగతి?

పోస్ట్‌గ్రెస్‌లో రెండు దారులున్నాయి. డీబీలింక్ అనే ఎక్స్‌టెన్షన్‌తో మామూలుగా పంపిన మార్పు అవతల వెంటనే ఖాయమైపోతుంది, ఇక్కడ రోల్‌బ్యాక్ చేసినా అది వెనక్కి రాదు. 9.3 వెర్షన్‌తో వచ్చిన పోస్ట్‌గ్రెస్ ఎఫ్‌డీడబ్ల్యూ (అవతలి టేబుల్‌ని ఇక్కడిదిలా చూపే ఎక్స్‌టెన్షన్) ఇక్కడి కమిట్‌తో (ఖాయం చేయడంతో) పాటే అవతల కమిట్ చేస్తుంది కానీ పూర్తి టూ ఫేజ్ కమిట్ (రెండు వైపులా సిద్ధమన్నాకే ఖాయం చేసే పద్ధతి) కాదు, అవతల అయ్యి ఇక్కడ తప్పే సన్నటి సందు మిగులుతుంది. ఒరాకిల్ డేటాబేస్ లింక్ టూ ఫేజ్ కమిట్‌ని తానే చూసుకుంటుంది. సరిగ్గా మధ్యలో లైన్ తెగితే మాత్రం ఆ ట్రాన్సాక్షన్ అటూ ఇటూ కాకుండా పెండింగ్‌లో పడి, అది వరుసల మీద పట్టుకున్న లాకులు (తాళాలు) లైన్ తిరిగొచ్చి ఒరాకిల్ తానే తేల్చేదాకా, లేదా ఎవరైనా చేత్తో తేల్చేదాకా వదలవు. ఏ డేటాబేస్ అయినా లైన్ మీద ఆధారపడటం తప్పదు.

## ట్రిగ్గర్ రాసేటప్పుడు

ఒకేసారి 50 సరుకుల రేటు మారిస్తే ఒక్కటే అవతలికి వెళ్లింది. మిగతా 49 ఏమయ్యాయి?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ట్రిగ్గర్ వరుసకోసారి నడవదు, స్టేట్‌మెంట్‌కోసారి నడుస్తుంది. ఒకే అప్‌డేట్‌తో 50 వరుసలు మారితే ట్రిగ్గర్ ఒక్కసారే లేస్తుంది, ఇన్సర్టెడ్ అనే టేబుల్‌లో 50 వరుసలూ ఉంటాయి. మీరు అందులోంచి సరుకు కోడ్‌ని ఒక వేరియబుల్‌లోకి తీసుకుని ఉంటారు. వేరియబుల్‌లో పట్టేది ఒక్క విలువే, మిగతావి అక్కడే జారిపోయాయి. ఎర్రర్ కూడా రాదు, అదే దీనితో ప్రమాదం.

వేరియబుల్ తీసేయండి. ఇన్సర్టెడ్ టేబుల్ మొత్తాన్ని సెలెక్ట్ చేసి క్యూ టేబుల్‌లోకి ఒకే ఇన్సర్ట్‌తో పంపండి. ఒక్క వరుస మారలేదంటే ట్రిగ్గర్ వెంటనే తిరిగి వచ్చేలా మొదట్లోనే ఒక చెక్ పెట్టండి, ఎందుకంటే సున్నా వరుసలు మారినా ట్రిగ్గర్ లేస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో మాత్రం ట్రిగ్గర్ వరుసకోసారే నడుస్తుంది, అక్కడ ఈ బాధ లేదు.

మిగిలిన స్టాకు పంపాలా, అమ్మిన పరిమాణం పంపాలా?

అమ్మింది పంపండి. బ్రాంచిలో మిగిలింది 38 అని పంపితే, అదే సమయానికి గోడౌన్ నుంచి 20 వచ్చిన సంగతి హెడ్డాఫీసులో నమోదై ఉంటే, మీ 38 దాన్ని తుడిచేస్తుంది. ఫలానా బిల్లులో 2 బస్తాలు అమ్మాం అని పంపితే ఏ వరుసలో చేరినా కూడికలూ తీసివేతలూ చివరికి సరిపోతాయి. తేడా వచ్చినప్పుడు ఎక్కడ వచ్చిందో వెతకడానికి ఒక్కో కదలిక విడిగా ఉంటుంది. పాత ఖాతా పుస్తకాల్లో మన పెద్దలు రాసిందీ ఇలాగే: వచ్చింది ఒక వైపు, పోయింది ఒక వైపు.

క్యూ టేబుల్‌లో ఏయే కాలమ్స్ ఉండాలి?

తనంతట తాను పెరిగే నంబరు, బ్రాంచి కోడ్, ఏ టేబుల్, ఏ బిల్లు, కొత్తదా మార్పా తీసివేతా, పంపాల్సిన విలువలు, పుట్టిన సమయం, పంపిన సమయం, ఎన్నిసార్లు ప్రయత్నించాం, చివరి ఎర్రర్. ఆఖరి రెండూ అనవసరం అనిపిస్తాయి. రాత్రి పదింటికి పర్లాకిమిడి నుంచి ఫోన్ వచ్చినప్పుడు అవే కావాలి.

ట్రిగ్గర్ పెట్టాక బిల్లు నంబర్లు తప్పుగా ప్రింట్ అవుతున్నాయి. సంబంధం ఉందా?

ఉంది. మీ ప్రోగ్రాం కొత్త బిల్లు నంబరు కోసం ఎట్ ఎట్ ఐడెంటిటీ వాడుతోంది. అది ఆ కనెక్షన్‌లో చివరగా పుట్టిన నంబరు ఇస్తుంది, ఇప్పుడు చివరగా పుట్టింది మీ క్యూ టేబుల్ నంబరు. దాని బదులు స్కోప్ ఐడెంటిటీ వాడండి. ప్రోగ్రాం మీ చేతిలో లేకపోతే అది రాసినవాళ్లతో మార్పించాకే ట్రిగ్గర్ పెట్టండి.

ట్రిగ్గర్‌లో ట్రై క్యాచ్ (ఎర్రర్ వస్తే పట్టుకునే కోడ్) పెడితే లైన్ లేనప్పుడు బిల్లు దక్కుతుంది కదా?

దక్కదు. ట్రిగ్గర్ లోపల ఎక్స్‌యాక్ట్ అబార్ట్ (XACT_ABORT) అనే సెట్టింగ్ మామూలుగానే ఆన్‌లో ఉంటుంది. ఎర్రర్‌ని మీరు క్యాచ్‌లో పట్టుకున్నా ఆ ట్రాన్సాక్షన్ అప్పటికే చెడిపోయింది, దాన్ని ఇక కమిట్ చేయలేరు. ట్రిగ్గర్ ముగియగానే 3616 ఎర్రర్ ఇచ్చి మొత్తం వెనక్కి తీసుకుంటుంది. సెట్టింగ్ ఆఫ్ చేద్దామంటే, లింక్డ్ సర్వర్‌కి ట్రాన్సాక్షన్‌లో రాయాలంటే అది ఆన్‌లోనే ఉండాలి.

## లింక్డ్ సర్వర్ కలిపేటప్పుడు

7391 ఎర్రర్ వస్తోంది. సెలెక్ట్ పనిచేస్తుంది, ట్రిగ్గర్ మాత్రం పనిచేయదు.

లింక్ బాగానే ఉంది. ట్రిగ్గర్ ఎప్పుడూ ట్రాన్సాక్షన్ లోపలే ఉంటుంది కదా, అక్కడి నుంచి రెండో సర్వర్‌కి రాయగానే అది డిస్ట్రిబ్యూటెడ్ ట్రాన్సాక్షన్ అవుతుంది. దాన్ని నడిపించేది విండోస్‌లోని ఎంఎస్‌డీటీసీ సర్వీసు. ఆ సర్వీసు రెండు మిషన్లలోనూ నడుస్తూ ఉండాలి. కాంపోనెంట్ సర్వీసెస్‌లోకి వెళ్లి నెట్‌వర్క్ డీటీసీ యాక్సెస్, ఇన్‌బౌండ్, అవుట్‌బౌండ్ టిక్ చేయాలి. ఫైర్‌వాల్‌లో 135 పోర్టుతో పాటు ఆర్‌పీసీ (ఒక మిషన్ ఇంకో మిషన్‌లోని ప్రోగ్రాంని పిలిచే పద్ధతి) వాడే పోర్టులు కూడా తెరవాలి, ఆ సంఖ్యలు మామూలుగా 49152 నుంచి 65535 వరకు ఉంటాయి. ఒక మిషన్ పేరు ఇంకో మిషన్‌కి తెలియాలి, లేదంటే హోస్ట్స్ ఫైల్లో (పేరుకి ఐపీ రాసుకునే ఫైల్లో) రాయాలి.

ఒకే ఆఫీసులోని రెండు సర్వర్ల మధ్య ఇది కుదురుతుంది. రాయగడకీ పర్లాకిమిడికీ మధ్య మామూలు బ్రాడ్‌బ్యాండ్ మీద చేయాలని చూస్తే రోజులు గడిచిపోతాయి, కుదిరాక కూడా లైన్ ఊగినప్పుడల్లా తెగుతుంది.

ఒక్క వరుస అప్‌డేట్ చేయడానికి 40 సెకన్లు పడుతోంది. ఎందుకు?

రిమోట్ టేబుల్‌ని లోకల్ టేబుల్‌తో జాయిన్ చేసి అప్‌డేట్ రాశారేమో చూడండి. చాలాసార్లు సర్వర్ అవతలి టేబుల్ మొత్తాన్ని ఇక్కడికి లాక్కుని, ఇక్కడ పోల్చుకుని, మళ్లీ అటు రాస్తుంది. లక్ష వరుసలైతే లక్షా తీగ మీద రావాల్సిందే. హెడ్డాఫీసులో ఒక స్టోర్డ్ ప్రొసీజర్ (డేటాబేస్‌లోనే దాచి ఉంచే చిన్న ప్రోగ్రాం) రాసి, విలువలు మాత్రమే దానికి పంపండి. దానికి లింక్డ్ సర్వర్ సెట్టింగుల్లో ఆర్‌పీసీ అవుట్ ఆన్ చేయాలి.

హెడ్డాఫీసుకి స్టాటిక్ ఐపీ తీసుకుని ఎస్‌క్యూఎల్ సర్వర్ వాడే 1433 పోర్టు తెరిచేస్తే సరిపోతుంది కదా?

దయచేసి అలా చేయకండి. ఆ పోర్టు ఇంటర్నెట్‌లో తెరిచి ఉందని తెలిస్తే పాస్‌వర్డ్‌లు ఒకదాని తర్వాత ఒకటి ప్రయత్నించే ప్రోగ్రాములు వచ్చి పడతాయి, అన్ని హక్కులూ ఉన్న ఎస్ఏ లాగిన్‌కే మొదట గురి పెడతాయి. రెండు ఊళ్ల మధ్య వీపీఎన్ (బయటివాళ్లకి కనబడని సొంత దారి) పెట్టండి. లింక్డ్ సర్వర్ లాగిన్‌కి ఆ ఒక్క ప్రొసీజర్ నడిపే హక్కు తప్ప ఇంకేదీ ఇవ్వకండి.

## మోసే ప్రోగ్రాం

మాది ఉచితంగా వచ్చే ఎక్స్‌ప్రెస్ ఎడిషన్. వేళకి పనులు నడిపే ఏజెంట్ అందులో లేదు, జాబ్ ఎలా పెట్టాలి?

విండోస్ టాస్క్ షెడ్యూలర్‌తో పెట్టండి. ఎస్‌క్యూఎల్‌సీఎండీ అనే కమాండ్ లైన్ ప్రోగ్రాంతో ఒక ప్రొసీజర్ నడిపించే బ్యాచ్ ఫైల్ చాలు. లిస్టులో తక్కువలో తక్కువ 5 నిమిషాలే కనబడుతుంది కానీ ఆ గడిలో 1 నిమిషం అని టైపు చేస్తే తీసుకుంటుంది. ముందుది ఇంకా నడుస్తుంటే కొత్తది మొదలుపెట్టొద్దు అనే సెట్టింగ్ తప్పకుండా ఎంచుకోండి. ఎవరూ లాగిన్ కాకపోయినా నడిచేలా పెట్టండి. కరెంటు పోయి వచ్చాక మిషన్ దానంతట అదే ఆన్ అయినా, తెల్లారి ఎవరో పాస్‌వర్డ్ కొట్టేదాకా టాస్క్ నిద్రపోతే లాభం లేదు.

అప్పుడప్పుడు ఒకే బిల్లు హెడ్డాఫీసులో రెండుసార్లు పడుతోంది.

మీ ప్రోగ్రాం పంపింది, అవతల చేరింది, "చేరింది" అన్న జవాబు వచ్చేలోపు లైన్ పోయింది. ఇక్కడ ఇంకా పంపనట్టే ఉంది కాబట్టి మళ్లీ పంపింది. ఇది జరగకుండా ఆపలేం, జరిగినా నష్టం లేకుండా చేయగలం. హెడ్డాఫీసు టేబుల్‌లో బ్రాంచి కోడ్, క్యూ నంబరు ఈ రెండిటి మీదా యూనిక్ కీ (అదే జత రెండోసారి పడనివ్వనిది) పెట్టండి. తీసుకునే ప్రొసీజర్ ఆ జత ఇప్పటికే ఉందా అని చూసి, ఉంటే ఏమీ చేయకుండా "చేరింది" అనాలి. వరుస ఎక్కించడం, స్టాకు తగ్గించడం హెడ్డాఫీసులో ఒకే ట్రాన్సాక్షన్‌లో జరగాలి.

కొన్ని బిల్లులు అసలు వెళ్లడమే లేదు. చివరగా పంపిన నంబరు గుర్తుపెట్టుకుని దాని తర్వాతవి పంపుతున్నాను.

తప్పు ఆ గుర్తుపెట్టుకోవడంలోనే ఉంది. నంబరు ఇన్సర్ట్ అయ్యేటప్పుడు పుడుతుంది, వరుస కమిట్ అయ్యాకే బయటికి కనబడుతుంది. మొదటి కౌంటర్‌లో 501 పుట్టింది, ఇంకా కమిట్ కాలేదు. రెండో కౌంటర్‌లో 502 పుట్టి కమిట్ అయింది. సరిగ్గా అప్పుడే మీ ప్రోగ్రాం లేచి 502 పంపి, చివరిది 502 అని రాసుకుంది. తర్వాత 501 కమిట్ అయినా దాన్ని ఇక ఎవరూ చూడరు. చివరి నంబరు బదులు ప్రతి వరుసలోనూ పంపిన సమయం పెట్టి, అది ఖాళీగా ఉన్నవన్నీ పంపండి. లాకులో ఉన్న వరుసల్ని దాటేసే హింట్లు వాడినా పర్లేదు, అవి తర్వాతి నిమిషంలో దొరుకుతాయి.

## నడుస్తుండగా

రెండు వైపులా ట్రిగ్గర్లు పెట్టాం. ఒక మార్పు అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

బ్రాంచి మార్పు హెడ్డాఫీసుకి వెళ్లింది, అక్కడి ట్రిగ్గర్ అది కొత్త మార్పనుకుని తిరిగి పంపింది. ప్రతి వరుసలో అది ఏ ఊళ్లో పుట్టిందో చెప్పే కాలమ్ పెట్టి, తన ఊళ్లో పుట్టని దాన్ని ట్రిగ్గర్ క్యూలో వేయకుండా చూడండి. నేరుగా రిమోట్‌కి రాసే ట్రిగ్గర్లు రెండు వైపులా ఉంటే ఇంకా ఘోరం. ఒకదాని లాకు కోసం ఒకటి ఎదురుచూస్తూ కూర్చుంటాయి. ఒకే సర్వర్‌లో డెడ్‌లాక్ అయితే సర్వర్ కనిపెట్టి ఒకదాన్ని చంపుతుంది, రెండు సర్వర్ల మధ్యది దానికి కనబడదు. రిమోట్ క్వెరీ టైమవుట్ మామూలుగా 600 సెకన్లు, అంటే పది నిమిషాలు కౌంటర్ ఆగిపోవచ్చు.

వీలైతే ఒక్కో టేబుల్‌కి ఒకే యజమాని ఉండాలని ముందే తేల్చుకోండి. సరుకుల రేట్లు హెడ్డాఫీసువి, బిల్లులు బ్రాంచివి.

తెలుగులో, ఒడియాలో రాసిన పేర్లు అవతల ప్రశ్నార్థకాలుగా మారుతున్నాయి.

మన దగ్గర ఒకే లిస్టులో తెలుగు పేర్లూ, ఒడియా పేర్లూ కలిసే ఉంటాయి. ఈ రెండు లిపులకీ మామూలు వార్‌చార్ (యూనికోడ్ కాని అక్షరాల కాలమ్ రకం) వాడుకోగల పాత కోడ్ పేజీ లేదు. దారిలో ఎక్కడ మామూలు వార్‌చార్ తగిలినా అక్షరాలు పోతాయి, పోయినవి తిరిగి రావు. బిల్లు టేబుల్, క్యూ టేబుల్, ప్రొసీజర్ పారామీటర్, అవతలి టేబుల్ అన్నీ ఎన్‌వార్‌చార్ (యూనికోడ్ రకం) కావాలి. కోట్స్ మధ్య నేరుగా రాసిన పేరుకి ముందు ఎన్ అక్షరం పెట్టాలి. ఎక్కువసార్లు మరిచిపోయేది క్యూ టేబుల్‌నే.

పార్టీ అడ్రసు మారిస్తే పాత బిల్లుల ట్యాక్స్ రిపోర్టు కూడా మారిపోతోంది.

సరిహద్దులో ఉన్నవాళ్లకి ఇది మామూలు కన్నా ఎక్కువ తగులుతుంది. ఒడిశా జీఎస్టీ కోడ్ 21, ఆంధ్రప్రదేశ్‌ది 37. పార్వతీపురం పార్టీ రాయగడలో కూడా రిజిస్ట్రేషన్ తీసుకుంటే, పార్టీల మాస్టర్ టేబుల్‌లో కోడ్ మార్చగానే ట్రిగ్గర్ దాన్ని అన్ని బ్రాంచీలకీ చేరవేస్తుంది. నిన్నటిదాకా ఐజీఎస్టీగా (రాష్ట్రాల మధ్య అమ్మకపు పన్నుగా) ఉన్న బిల్లులు రిపోర్టులో ఒడిశా లోపలివిగా కనబడతాయి. ట్రిగ్గర్ తప్పు కాదు. బిల్లు వేసిన రోజు ఉన్న జీఎస్టీ నంబరు, రాష్ట్రం కోడ్ ఆ బిల్లు వరుసలోనే రాసి ఉంచండి, రిపోర్టు అక్కడి నుంచే తీయండి. రెండో రిజిస్ట్రేషన్‌కి కొత్త పార్టీ కోడ్ ఇవ్వండి.

ఎక్సెల్ నుంచి సరుకులు ఎక్కించాం, ట్రిగ్గర్ లేవలేదు.

ఫైలు నుంచి ఒక్కసారిగా వరుసలు ఎక్కించే బల్క్ ఇన్సర్ట్, బీసీపీ మామూలుగా ట్రిగ్గర్లని నడపవు. ఫైర్ ట్రిగ్గర్స్ అనే ఆప్షన్ ఇవ్వాలి. టేబుల్ మొత్తాన్ని ఒక్కసారిగా ఖాళీ చేసే ట్రంకేట్‌కి డిలీట్ ట్రిగ్గర్ ఎప్పుడూ నడవదు.

ఏదైనా ఆగిపోతే ముందుగా తెలిసేదెలా?

పంపని వరుసల్లో అన్నిటికన్నా పాతది ఎంతసేపటిదో చూడండి. లెక్క ఎన్ని ఉన్నాయన్నది కాదు, పాతది ఎంత పాతదన్నదే. సంత రోజు 300 వరుసలు ఉండి అన్నీ నిమిషం లోపువైతే భయం లేదు. ఒకే ఒక్కటి మూడు గంటలుగా ఉందంటే ఏదో అడ్డుపడింది. బిల్లింగ్ తెర మూలన "హెడ్డాఫీసుకి చివరగా చేరింది: 11:42" అని చిన్న అక్షరాలతో చూపించండి. కౌంటర్ వాళ్లకి అది అలవాటైపోతుంది, మనకన్నా ముందు వాళ్లే ఫోన్ చేస్తారు. పుట్టిన సమయం మాత్రం నమ్మదగ్గదై ఉండాలి. మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయిన పాత మిషన్లు కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఏవో పాత సంవత్సరాలు చూపిస్తాయి. ఆ బ్యాటరీ సీఆర్ 2032, గడియారాల షాపులో దొరుకుతుంది.

క్యూ టేబుల్ పెరిగిపోతోంది, తుడిచేయొచ్చా?

పంపినవి తుడవొచ్చు. నేను మూడు నెలలు ఉంచుతాను, ఆ లోపు లెక్కల తేడాలు బయటపడిపోతాయి. 2008 ఆర్2 నుంచి 2022 వరకు ఎక్స్‌ప్రెస్ ఎడిషన్‌లో ఒక్కో డేటాబేస్‌కి 10 జీబీ హద్దు ఉంది, అది నిండితే కొత్త బిల్లే పడదు. ఒకేసారి కాకుండా వెయ్యేసి వరుసల చొప్పున తుడవండి.

ఇప్పటికే నేరుగా రాసే ట్రిగ్గర్ నడుస్తోంది. క్యూ పద్ధతికి ఎలా మారాలి?

దుకాణం మూశాక చేయండి, సంతకి ముందు రాత్రి వద్దు. ముందు రెండు వైపులా బ్యాకప్ తీసుకోండి. హెడ్డాఫీసులో తీసుకునే టేబుల్, ప్రొసీజర్ తయారుచేసి చేత్తో ఒక వరుస పంపి చూసి, దాన్ని తీసేయండి. తర్వాత బ్రాంచిలో పాత ట్రిగ్గర్‌ని డిసేబుల్ చేయండి, డ్రాప్ చేయకండి. కొత్త ట్రిగ్గర్ పెట్టి, ఒక బిల్లు కొట్టి, క్యూలో పడిందో లేదో చూడండి. ఇప్పుడు నెట్ తీగ పీకేసి ఇంకో బిల్లు కొట్టండి. అది కూడా వెంటనే సేవ్ అయి ప్రింట్ రావాలి. తీగ మళ్లీ పెట్టి రెండు నిమిషాలు ఆగి, హెడ్డాఫీసులో ఎవరినైనా ఆ రెండు బిల్లులూ ఒక్కొక్కసారే పడ్డాయా అని చూడమనండి. ఆ రెండిటినీ క్యాన్సిల్ చేసి, క్యాన్సిల్ కూడా అటు చేరిందని చూసుకున్నాక తాళం వేయండి.